వెనక ఎడమ పెట్టె

మూడు రాత్రులు.
దేవరకొండల మూతబడ్డ నెట్ సెంటర్ కాడ కొన్న కంప్యూటర్,
ఆరు పెట్టెలు. మాట్లాడేటివి రెండే.
వెనకయి అలిగినట్టు గోడకానుకున్నయి.

వైరు మార్చిన. డ్రైవర్ మార్చిన. తిట్టిన.
ఆఖరికి దొరికింది దొంగతనం:
వచ్చిన మూటను ఇది మధ్యలనే విప్పుతున్నది,
సగం దారిల పారవోస్తున్నది.
విప్పకు, కట్టు కట్టుగనే పంపు అని
ఒక్క టిక్కు పెట్టిన.

ఆంప్లిఫయర్ మీద నీలం అక్షరాలు మారినయి.
సిన్మాల ఏదో గుహ. ఎవ్వరు మాట్లాడరు.
నా ఎడమ భుజం వెనక, కిందెక్కడ్నో,
ఒక్క చుక్క.

ఇరవై ఏండ్లు బోరుబండి మీద చేసిన జానయ్య మామ,
కుడిచెవు ఆ బండికే ఇచ్చినోడు,
తింటున్న మక్కకంకి పక్కకు వెట్టి
అటు తిరిగిండు.

"ఎన్ని ఫీట్లల పడ్డదిరా?"