సున్నం అంచు

మొగల్రాజపురం కొండమీద
నూట పద్నాలుగో మెట్టు దగ్గర మా ఇల్లు.
వెనక గోడ కట్టలేదు, కొండే గోడ.
అందులో ఓ పగులు, అరచెయ్యి పట్టేంత,
నాన్న సమ్మెట జారిన ఏడాది నుంచి ఉంది.

సాక్సిఫ్రేజ్ అంటే
రాయిని చీల్చేదని అర్థమట.
ఆ పేరు చూసే విత్తనాలు తెప్పించాను.
మేం వడ్డెరోళ్ళం,
మా ఇంటిపేరులాంటి మొక్క ఒకటి
మంచుకొండల మీద ఉందంటే
చుట్టరికం కలుపుకోవద్దూ?

దాని ముందు ఆవగింజ గుమ్మడికాయ.
తడి ఇసుకలో కలిపి
ఫ్రిజ్‌లో, దోసెల పిండి పక్కన
ఆరు వారాలు చలికాలం చేశాను.
"హిమాలయం ఎందాకా వచ్చింది?" అని
రోజూ తలుపు తీసి చూసేవాడు గురవయ్య.

సన్న కంకర, పాత గోడ పెచ్చులు,
పిడికెడు ఆకుమన్ను.
నీళ్ళు నిలవకూడదు, ఎండ నెత్తిన పడకూడదు.
కార్తీకంలో మూడు మొలిచాయి.
రెండు కుళ్ళాయి.
మూడోది మాఘానికి
రూపాయి బిళ్ళంత పరుచుకుంది,
ఆకుల అంచున తెల్లటి చుక్కలతో.
సున్నం! తనే ఊరించి తనే రాసుకుంటుంది.
వక్క ఒక్కటే తక్కువని అమ్మకి చూపించా.
అమ్మ తుంపబోయింది.

నాన్న రాయి చీల్చడమూ ఇలాగే ఉండేది.
గీత వెంట గుంటలు తొలిచి
ఎండుకర్ర మేకులు దిగ్గొట్టి
తడిగుడ్డ కప్పి, ఇంటికొచ్చి పడుకునేవాడు.
రాత్రంతా కర్ర ఉబ్బేది.
తెల్లారేసరికి రాయి ఒప్పుకునేది.
"కొట్టేది నేను కాదే, నీళ్ళు."
ఈ చిట్టిది కూడా
ఏదో ఒక రాత్రి ఒప్పిస్తుందనుకున్నా.

శివరాత్రికి చలి శివశివా అని పోయింది.
ఐసుముక్కలు పెట్టాను, తడిగోనె కట్టాను,
మధ్యాహ్నాలు గొడుగు పట్టుకు నిలబడ్డాను.
పైమెట్ల పిల్లలు విరగబడి నవ్వారు.
రోహిణిలో రోళ్ళు పగిలే ఊళ్ళో
రాయి పగలగొట్టే పని ఎండే చేసేస్తుంటే
దీనికేం మిగిలింది?
కార్తె మొదటి రోజే అప్పడమైంది.
తాకితే పొడి.
సున్నం మాత్రం వేలికి అంటింది.

తొలకరికి అదే పగుల్లో
ఎవరూ నాటని కొండపిండాకు.
పెనిమిటి కిడ్నీలో రాయి ఉందని
మస్తానమ్మ వేళ్ళతో సహా పీక్కెళ్ళింది.

పగులు మళ్ళీ ఖాళీ.
చీపురుపుల్లతో కొలిచాను,
వెంట్రుకవాసి పెరిగినట్టే ఉంది,
లేదూ నా కళ్ళేనేమో.

సగం పొట్లం ఇంకా ఫ్రిజ్‌లో ఉంది.
కరెంటు పోయినప్పుడల్లా
చీకట్లో గురవయ్య గొంతు:
"తలుపు తియ్యమాక,
లోపల చలి పోద్ది."