చైన్ ఊడిన సైకిలు

పెరుంగుడిలో మా ఆఫీసు, మూడో అంతస్తు.
లిఫ్టు ఎదురుగా ఇదివరకు ఒక గద్ద ఉండేది,
రెక్కల కింద ఇంగ్లీషులో 'ఎగురు' అని ఆజ్ఞ.
ఎనిమిదేళ్లలో ఎవరూ ఎగరలేదు.
గోపీనాథన్ మాత్రం అంబత్తూరు బ్రాంచికి బదిలీ అయ్యాడు.

దాన్ని దించి ఈ బొమ్మ పెట్టారు:
వాన వెలిసిన సందు, గోడకి ఆనించిన సైకిలు,
క్యారియర్ మీద తడిసిన మల్లెపూల బుట్ట.
మనిషి లేడు.
మూలన పెన్సిలుతో ఇళవరసి అని సంతకం.

మాది క్లెయిముల సెక్షన్.
రోజంతా ఫోన్లో మునిగిన ఇళ్ల కొలతలు రాసుకుంటాం:
నీళ్లు మోకాలి దాకానా, నడుం దాకానా,
ఫ్రిజ్ ఏ ఏడాది కొన్నారు, రశీదు ఉందా.
'రశీదు కూడా మునిగింది బాబూ' అంది వేలచ్చేరి ఆవిడ.
అలాంటి కాల్ పెట్టేశాక మంచినీళ్లకని లేచి
ఆ సందులోకి పోయి కాసేపు నిలబడతాను.

బాగుందనుకున్నాను, అంతే.
మూడు నెలలు.

నిన్న తుడుపుకర్ర ఆపి సెల్వనాయకి అంది,
"చైన్ ఊడింది, చూశారా?"
నిజమే. చక్రం పక్కన నల్లగా వేలాడుతోంది.
అయితే పూలవాడు బండి వదిలి పోలేదన్నమాట.
గ్రీజు అంటకుండా ఓ పుల్ల కోసమో
తెరిచిన కొట్టు కోసమో వెతుకుతున్నాడు,
ఇక్కడే ఎక్కడో, ఫ్రేముకి అవతల.
పూలు వాడేలోపు రావాలి.

ఇవాళ వేలచ్చేరి ఆవిడ మళ్లీ చేసింది.
రశీదు మాట ఎత్తలేదు నేను.
ఇంట్లో ఏ గోడకి ఏముండేదమ్మా అన్నాను.
చాలాసేపు చెప్పింది.
ఫారంలో దానికి గడి లేదు.
మార్జిన్లో రాశాను.