పాలకు సైగ

ఇప్పుడు మేం తొమ్మిదిమందిమి.
నూరుమందికి కట్టిన భోజనశాలలో
పొయ్యి ఉన్న మూలకు చేరి తింటాం.
సిస్టర్ ఒబ్దూలియాకు చెవుడు.
నాకు చూపు ఆనదు, అయినా
దస్త్రాల గది తాళంచెవి నా నడుముకే వేలాడుతుంది.

గొర్రెతోలు పుటల మీద
ఉగ్రాణం చూసిన మెన్సియా రాత:
ఉప్పు, పదహారు బస్తాలు.
మర కింద కాపులు పడ్డ బాకీ.
రంగెయ్యని ఉన్ని, డెబ్భై మూరలు.
ఎలుకలు తిన్న కొవ్వొత్తులు, నాలుగు.
నాలుగు కింద కోపంగా ఒక గీత.

రాజు ఈ మఠం కట్టించింది ప్రార్థనకే అంటారు.
తనవాళ్ళ శవాలకు చోటు కావాలి,
సంబంధం కుదరని కూతుళ్ళకు గది కావాలి.
రెండూ ఒకే ప్రహరీలో తేలిపోయాయి.

కాస్తీల్‌లో మంచు ముందే పడిన ఏడు, ఒక పద్దు:
"రాచబిడ్డ ఎస్తెఫానియా. వయసు అయిదు.
పెట్టెలు ఏడు. దాది, గుమ్మం దాకా."

అప్పట్లో మాటకు బదులు వేళ్ళు.
రొట్టెకు, రెండు చేతులూ కలిపి చుట్టిన సున్న.
చేపకు, తోకలా ఊగే అరచెయ్యి.
పాలకు, పెదవి మీద చిటికెనవేలు,
పసిబిడ్డ చప్పరించినట్టు.
కొత్తగా చేరినవాళ్ళకు ఏడాది పట్టేది.
ఈ పిల్లకు మొదటి రాత్రే వచ్చేసింది,
చీకట్లో, ఎవరూ నేర్పకుండా.
"నియమం అప్పుడే పట్టుబడింది" అని
మెన్సియా మెచ్చుకుంది.
సిరా అక్కడ కాస్త అలికి ఉంది.

పెద్దయ్యాక ఆమే మఠాధిపతి.
యాభై నాలుగు ఊళ్ళ తగువులు తీర్చేది,
బిషప్పుకు ఉత్తరం రాస్తే
"మేము" అని మొదలుపెట్టేది.
ఉరి వేయించే హక్కూ ఉండేదట.
వేయించినట్టు ఎక్కడా లేదు.
తాడు మాత్రం కొన్నారు, ఒకసారి.

చివర్లో చేతిరాత వేరు, తొందర రాత:
"అమ్మగారికి ఆరో రోజు జ్వరం.
మాట్లాడవచ్చని పాదిరీ సెలవిచ్చారు.
మాట్లాడలేదు.
చిటికెనవేలు పెదవి మీద పెట్టుకున్నారు.
పాలు తెప్పించాం, ఒక గిన్నె.
తల అడ్డంగా ఊపారు.
దీన్ని ఏ ఖర్చు కింద రాయాలి?"
కింద ఎవరూ జవాబు రాయలేదు.

రాత్రి భోజనం దగ్గర
పాల జగ్గు ఒబ్దూలియా వైపు ఉంది.
రెండుసార్లు అడిగాను, వినబడలేదు.
చిటికెనవేలు పెదవి మీద పెట్టి చూపించాను.

"నేనేం మాట్లాడాను ఇప్పుడు?"
అంది, రాతికప్పు మారుమోగేలా.