గూడ్సు అప్పగింత

కుముదా, ఇటు రా, కింద కూర్చో.
పైనుంచి చూస్తే దీని సంగతి ఒక్కటీ అర్థం కాదు.

రేపు నా కుడికంట్లో శుక్లం తీస్తారు.
పదిహేను రోజులు వంగకూడదట.
వంగకుండా దీన్ని సాకడం ఎట్లా చెప్పు,
దీని బతుకంతా నేలకి నాలుగంగుళాల ఎత్తునే గదా.

గూడ్సు అని పేరు నేను పెట్టలేదు.
అయనావరం క్వార్టర్సుకి తెచ్చిన రోజు
నాతో పెట్టెలు వెల్డింగు చేసే దొరస్వామి
ముక్కు గుమ్మం దాటాక తోక వచ్చేదాకా నిలబడి
"గార్డు పెట్టె ఎప్పుడొస్తుందయ్యా?" అన్నాడు.
అంతే, ఖాయమైపోయింది.

"వా" అంటే వస్తుంది. "రా" అన్నా వస్తుంది, బుద్ధి పుడితే.
"పో" మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే,
రెండింట్లోనూ దానికి తెలీదు.
మొండిదనుకోకు.
ఎక్కడో చలిదేశంలో
బొరియల్లోకి పంపడానికి పెంచిన జాతి.
లోపల చీకటి, ఎదురుగా పళ్ళు,
పైన యజమాని ఏం అరిచినా మట్టి మింగేస్తుంది.
అక్కడ ఎవర్నడుగుతుంది?
తనే తేల్చుకోవాలి.
ఇక్కడ బొరియ లేదు, వంటింట్లో స్టవ్వు కింద సందుంది,
అక్కడా తనే తేల్చుకుంటుంది.
గొంతూ అందుకే అంత.
భూమి లోపలినుంచి పైకి వినపడాలని ఇచ్చిన గొంతుని
కొరియర్ అబ్బాయి మీద ఖర్చుపెడుతుంది.

పొద్దున ఆరులోపే తిప్పు.
ఎండెక్కితే మనకి తారు అరికాలికి తగులుతుంది,
దానికి కడుపుకి తగులుతుంది.
వానొస్తే మన మోకాలి నీళ్ళు దానికి మెరీనా.
సైకిల్ షెడ్డు వెనక పందికొక్కు కన్నం ఉంది,
అటు వద్దు.
వెళ్ళావనుకో, ముందుకాళ్ళు రెండూ పారలై
మట్టి నీ పావడా మీదికి ఎగురుతుంది,
ఆ మొహంలో సంతోషం చూశాక
గొలుసు లాగడానికి నీకు చెయ్యి రాదు.
నాకూ రాలేదు.

అన్నం ఈ స్టీలు గ్లాసుకి ఒకటి. గోపురం కట్టకు.
ఇప్పుడే తినేసి
మూడ్రోజులుగా పస్తున్నట్టు నీ కళ్ళలోకి చూస్తుంది,
నమ్మకు.
మీ అమ్మ చేసే మసాలా వడ వాసనకి
మెట్ల దగ్గరికి పోయి నిలబడుతుంది.
పెట్టొద్దని చెప్పు, నా మాటగా చెప్పు.
కిలో పెరిగితే ఆ కిలో మోసేది నడుమే.
ఆదివారం చెవులెత్తి దూదితో తుడువు,
మూసిన చెవుల్లో మన ఊరి చెమ్మకి బూజు పడుతుంది.

ఎత్తాల్సొస్తే
ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి వెనక కింద,
వెల్డింగు ఆరని రాడ్డు ఎత్తినట్టు.
మధ్యలో ఊగకూడదు.

ఎందుకంటే,
రెండేళ్ళ కింద ఐపసి వానల్లో ఒక రాత్రి
ఉరుముకి మంచం మీంచి దూకింది.
పొద్దున్న వెనక్కాళ్ళు రాలేదు.
ముందుకాళ్ళతో ఈడ్చుకుంటూ
నా చెప్పు దాకా వచ్చి, తోక ఊపబోతే
తోకా రాలేదు.
వేపేరి ఆసుపత్రిలో ఆరు వారాలు బోనులో పెట్టమన్నారు.
నేను ముప్ఫై ఏళ్ళు రైలు పెట్టెలు అతికాను కుముదా,
దీని వెన్నులో ఏ అతుకు ఊడిందో
వేలు పెట్టి చూపించలేకపోయాను.
నలభయ్యో రోజున లేచి నాలుగడుగులేసి
నేరుగా వెళ్ళి బియ్యం డబ్బా వాసన చూసింది.

ఆ పలక అప్పుడు చేసిందే.
పాత బెర్తు చెక్క, పైన కొబ్బరి పీచు పట్టా.
మంచానికి ఆనించే ఉంచు, ఊడ్చేటప్పుడు జరపకు.

రాత్రి నా గదిలోకి వదిలి నువ్వు పైకెళ్ళిపో.
కంటికి కట్టుంటుంది, లైటు వెయ్యొద్దు.
నేను వంగను, అది దూకదు.
పీచు మీద గోళ్ళు గీరుకుంటూ వస్తుంటే వింటాను.
చాలాసేపు పడుతుంది,
గూడ్సు గదా.