తు.చ. తప్పకుండా

నాకు కొత్త ఆలోచనలు రావు.
ఈ మాటకి సిగ్గుపడే వయసు దాటిపోయింది.
బళ్లో బొమ్మ గియ్యమంటే ప్రతిసారీ అదే ఇల్లు,
అదే తలుపు, అదే వైపుకి వంగిన పొగ.
"కొంచెం ఊహించవే, సెనైదా" అనేది టీచరు.
ఊహించేదాన్ని.
పొగ మళ్లీ అటే వంగేది.

వృత్తివిద్యా కేంద్రంలో అరవై ప్రశ్నల కాగితం ఇచ్చారు.
చెప్పినట్టు చెయ్యడం ఇష్టమా, తోచినట్టు చెయ్యడమా?
అరవై వేషాల్లో వచ్చిన ఒకటే ప్రశ్న.
చివర్న కౌన్సెలరు కళ్లజోడు తీసి
"నీకు ఫ్యాక్టరీ పని సరిపోతుంది" అంది,
జబ్బు పేరు బయటపెట్టినట్టు.
నాకు మాత్రం
తప్పిపోయిన పిల్లకి ఇంటి చిరునామా దొరికినట్టుంది.

మా అమ్మ చిన్నప్పుడు ఇరాసు కొండ
కార్తాగో మీద రెండేళ్లు బూడిద కురిపించిందట.
వాన లేకుండానే జనం గొడుగులు వేసుకు తిరిగేవారట.
ఇప్పుడు ఆ ఊళ్లోనే
నలుసు కూడా దూరని గదిలో నా కొలువు.
ఉంగరం బయట, చెవిపోగులు బయట, పౌడరు బయట.
తలకి టోపీ, ముక్కుకి గుడ్డ, చేతులకి తొడుగులు.
లోపలికి వచ్చేవి రెండు కళ్లే.

మేం చేసేది గుండెలోకి వెళ్లే గొట్టం.
గడ్డిపోచంత సన్నం, చివర బుడగ,
బుడగ మెడ దగ్గర జిగురు.
మొత్తం పద్నాలుగు మెట్లు. పదకొండోది నాది:
లెన్సు కింద పెట్టు. మెల్లగా లాగు.
మూడు దాకా లెక్కపెట్టు. వదులు.

పక్క బల్ల మీద కొత్త పిల్ల యోర్లెనీ అడిగింది,
"రెండు చాలదా అక్కా?
మూడు దగ్గర ఊడగా ఎప్పుడైనా చూశావా?"
లేదు.
పంతొమ్మిదేళ్లలో ఒక్కటీ లేదు.
ఊడేవన్నీ ఒకటికే ఊడతాయి.
ఈ వాదంలో నేను గెలవలేను.
ఎవరో, ఎక్కడో, ఏ రాత్రో కూర్చుని
రెండుకీ మూడుకీ మధ్య ఏదో చూసే ఉంటారు.
వాళ్ల పేరు కాగితంలో లేదు,
అంకె ఉంది.

ప్రతి నెలా సలహాల పెట్టెలో
ఒక చీటీ వెయ్యాలన్నది కొత్త మేనేజరు నియమం.
నియమం కాబట్టి వేస్తాను.
"ఉన్నది ఉన్నట్టు ఉంచండి" అని, తేదీతో సహా.

మా అన్న సర్చీలో ఎడ్లబండి చక్రాలకి రంగులు వేస్తాడు.
టూరిస్టులు చుట్టూ మూగి కళాకారుడంటారు.
"రోజూ అదే పని, విసుగు పుట్టదటే?" అంటాడు నన్ను,
కుంచె ఎత్తకుండా,
తాత నేర్పిన పదహారు రేకుల పువ్వుని
మళ్లీ మొదటి రేకు నుంచి దిద్దుతూ.
నేనేమీ అనను. కాఫీ తాగుతాను.

ఒక్క రోజు మాత్రం.
అమ్మ కోసం తొమ్మిది రాత్రుల ప్రార్థన ముగిసిన మర్నాడు
చేతులు వాటి దారిన అవి పోతున్నాయి.
ఉన్నట్టుండి తెలిసింది, నేను లెక్కపెట్టడం లేదని.
ఎప్పట్నుంచో తెలీదు.
ట్రేలో నలభై ఒకటి, ముత్యాల్లా, అన్నీ ఒక్కలాగే.
చూసినదేదో చూడనిదేదో ఏ లెన్సూ చెప్పదు.
నలభై ఒకటీ ఎర్రడబ్బాలో పోశాను.
కారణం గడిలో "అమ్మ" అని రాసి,
కొట్టేసి,
"లెక్క తప్పింది" అని రాశాను.
సూపర్‌వైజరు సంతకం పెట్టాడు. ఏమీ అడగలేదు.

ఆ తర్వాత ఏమీ జరగలేదు.
మేం పెట్టెల్లో సర్ది పంపేది అదే కదా,
బిల్లులో రాయరు గాని.
ఎవరో ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లి
చారులో ఉప్పు తక్కువైందని గొడవపడతారు.

ఇవాళ మధ్యాహ్నం బయట వానట. మాకు కిటికీల్లేవు.
పక్క బల్ల దగ్గర యోర్లెనీ లాగుతోంది, మెల్లగా.
ముక్కుగుడ్డ కింద పెదాలు కదులుతున్నాయి.
రెండుసార్లో, మూడుసార్లో.
తల తిప్పి చూడొచ్చు.
నా వేళ్ల మధ్య ఒకటుంది.
ఇంకా రెండు దగ్గరే ఉన్నాను.