కాస్త ఆలస్యంగా లేచే బంతి

అంబత్తూరు ఎస్టేటులో మా షెడ్డు రబ్బరు వాసన
పద్దెనిమిదేళ్లుగా నా కొంగులోనే కాపురముంటోంది.
కుక్కరు గాస్కెట్లు, పంపు వాషర్లు,
లారీ అద్దాలకి అంచు పట్టీలు:
కదలకుండా ఉండటమే ఉద్యోగమైన వస్తువులు.
ఎగిరేది ఒక్కటంటే ఒక్కటి
చేసి ఎరగను ఇన్నాళ్లూ.

ఆ మంగళవారం కరెంటు పోయింది.
ప్రెస్సులో సగం ఉడికిన ముద్ద.
పారేయమన్నాడు సూపర్‌వైజర్ ఏకాంబరం.
పారేసే ముందు గుండ్రంగా చుట్టాను.
చపాతీ పిండి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు కదా, అలాగే.
లోపల మూడు సైకిలు బేరింగు గుండ్లు,
ఒక చెంచా ఆముదం.
కరెంటొచ్చాక మళ్లీ ఉడికించి
అతుకు దగ్గర బ్లేడుతో గీకి
నేల మీద వేశాను.

పడింది.
పడి, ఊరుకుంది.
చచ్చిందనుకుని నేను వంగేసరికి
అప్పుడు లేచింది
ముక్కు పక్కనుంచి, ఎడమకి,
మూడో పిలుపుకి గానీ పలకని
మా పెద్దాడపడుచులా.

ఇది బంతి కాదు, రిజెక్టు అన్నాడు ఏకాంబరం.
రిజిస్టరులో అలాగే రాశాను:
నల్లది, ఒకటి. కారణం, ఆలోచిస్తోంది.

టిఫిను క్యారియరు పై గిన్నెలో ఇంటికి తెచ్చాను.
బస్సు గతుకులో పడ్డాక, కొంచెం ఆగి,
లోపల్నుంచి మూత తన్నింది.
కండక్టరు నావైపు అదోలా చూశాడు.

మా మేడ మీద పిల్లల ఆటలో
సగం మాటలు మావి, సగం వాళ్లవి.
బంతిని పందు అంటారు.
మా అత్తకది పంది అనే వినిపిస్తుంది.
"ఇంత అద్దె పోసి మేడ మీద పందులేంటే?" అని
మంచం మీంచే కేక.

మొదట ఎవరికీ నచ్చలేదు.
చేతులు ముందే చాచి గాలిని పట్టుకునేవాళ్లు,
చేతులు దించాక అది వచ్చి మోచేతికి తగిలేది.
యువశ్రీ ఏడ్చింది.
జోసెఫ్ ఛీకొట్టి వెళ్లిపోయి, మళ్లీ వచ్చాడు.
మూడో రోజుకి లెక్క తెలిసింది:
సిమెంటు మీద ఒక రెప్పపాటు,
మొజాయిక్ మీద ఒకటిన్నర,
తడి నేల మీద చెప్పలేం, దాని ఇష్టం.
ఎండలో పెడితే ఆముదం పలచబడి తొందరపడుతుంది.
మార్గళి పొద్దుల్లో మాత్రం
ఇంకో ఐదు నిమిషాలు అనే బడిపిల్లాడే.
మెట్ల మీంచి వదిలితే
ప్రతి మెట్టు దగ్గరా బేరమాడినట్టు ఆగి ఆగి
అది వాచ్‌మన్ కుర్చీ కిందికి చేరేలోపు
ఒక టీ తాగేయొచ్చు.

"నాది" అని అరిచినవాడే బంతి పట్టాలి, అదీ రూలు.
మూడో అంతస్తు డిల్లీబాబుకి నత్తి.
వాడి "నా" దాటేసరికి
మామూలు బంతి ఇంకెవరి చేతిలోనో ఉండేది.
చెప్పుల దగ్గర కాపలా కూచునేవాడు.
ఇది మాత్రం
వాడు "నా" దగ్గర తట్టుకున్నంతసేపూ
తను నేల దగ్గర తట్టుకుని
"ది" అన్నాక లేచింది.
బట్టలారేస్తున్న నేను క్లిప్పు నోట్లోనే పెట్టుకుని చూశాను.
పిల్లలెవరూ ఏమీ అనలేదు.
వాడు పట్టనూ లేదు, జారవిడిచాడు.
స్కోరు దగ్గర పెద్ద గొడవైంది,
అందరికంటే గట్టిగా వాడే, ఆగి ఆగి.

ఇప్పుడు నా చీటీల పుస్తకం వెనక పేజీలో
పాలబాకీ పక్కన రాసి పెట్టుకున్నాను:
గంధకం అర గ్రాము తగ్గిస్తే?
గుండ్లు మూడు కాక ఐదైతే?
ఆముదాన్ని ఫ్రిజ్‌లో పెట్టి పోస్తే?

ఇవాళ వేస్తే రేపు లేచే బంతి ఒకటి చెయ్యాలనుంది.
రాత్రి పడుకోబోతూ నేల మీద వదిలి
దాని సంగతే మర్చిపోయి
మర్నాడు షిఫ్టు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే
మంచం కింద ఠప్‌మనాలి.
"ఎవరే అది?" అంటుంది అత్త.
"ఎవరూ కాదు," అంటాను,
"నిన్నటిదే."