వైపరు డబ్బా

పెన్న వెనక్కి పోయింది గానీ
నా తవేరాలోంచి పోలేదు.
సీటు నొక్కితే
బురద నురగతో ఇకిలిస్తాది.

కార్పెట్ పీకి ప్రహరీ మీదేశా.
బొగ్గులు పెట్టా, ఉప్పు మూట పెట్టా.
మా జైతూన్ సాంబ్రాణి వేస్తే
ముక్కవాసన, సాంబ్రాణీ
రెండూ కాపురం పెట్టాయి.

చివరికి సంతపేట స్కానింగు సెంటరు నించి
పెంచలరత్నం తేమ లాగే మిషను మోసుకొచ్చాడు.
"ఈ రాత్రికే అబ్బయా,
ఎనిమిదికల్లా డాక్టరమ్మ వస్తాది."

వైరు దూర్చిన సందుకి పాత లుంగీ కుక్కి
అద్దాలు బిగించి
బయట మంచం మీద నేను.
లోపల అది
గుర్రుమంటా గాలిని పిండుతా ఉంది.

గంటకోసారి డబ్బా చూశా.
అరలీటరు. మళ్ళీ అర.
ఎవరివి ఈ నీళ్ళు?
అన్నీ ఏటివేనా?
కోవూరు నించి కాన్పుకి తెచ్చినామె
వెనక సీట్లో వొదిలిన ఉమ్మనీరు,
ఆరేళ్ళ నా వీపు చెమట
ఇందులో లేవా?

తెల్లారేసరికి మూడున్నర లీటర్లు.
తేటగా, ఏ పాపమూ ఎరగనట్టు.
పారబోయ బుద్ధి కాలా.
బానెట్టెత్తి
వైపరు డబ్బాలో పోశా.

మీట నొక్కితే
అద్దం మీదికి చిమ్మింది పెన్న,
ఈసారి
నేను రమ్మన్నంతే.